అబ్బా గీసిన రేకు బోర్డు

పక్కింటివాళ్ళు గేటుకు ఎనామిల్ రంగు వేయిస్తున్నారు. పొద్దుటి నుంచి ఆ వాసన టర్పెంటైన్ ఘాటుతో కలిసి, కిటికీలు మూసినా లోపలికి వస్తూనే ఉంది. మిగతావాళ్ళకు అది తలనొప్పి మాత్రమే. నాకు మాత్రం అది పాత వాసన. తొంభైల చివర్లో ఒక చలికాలమంతా విజయవాడ వన్‌టౌన్‌లోని మా ఇంట్లో ఇదే వాసన ఉండేది.

మేము అబ్బా అని పిలిచే మా నాన్న ఖాదర్, షాపులకు బోర్డులు రాసేవాడు. ఊళ్ళో ఆయనకున్న గుర్తింపు అంతే. ఆదివారాలు మాత్రం అమ్మీ కట్టిచ్చిన చపాతీలు, ఖీమా సంచిలో వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని, హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారి కొల్లేరు అంచుకు వెళ్ళేవాడు. తుంగ పక్కన మోకాలి లోతు నీళ్ళలో నిలబడి గూడబాతులను, నీటికాకులను, నారాయణ పక్షులను లాంగ్ నోట్‌బుక్కుల్లో నీటిరంగులతో గీసేవాడు. ఒళ్ళంతా పూర్తిచేసినా కన్ను వేసేవాడు కాదు. అదే రకం పక్షిని రెండోసారి దగ్గరగా చూసి, రంగు ఖాయం చేసుకున్నాకే కన్ను. బొమ్మ కింద అది ఎన్ని గంటలకు వస్తుందో, ఏ గట్టు మీద వాలుతుందో, ఎంత లోతులో మేస్తుందో రాసేవాడు. ఒక నోట్‌బుక్కు బడికి తీసుకెళ్తే మా డ్రాయింగు టీచరు రెండు పేజీలు తిప్పి, మన గేటు మీద బోర్డు వెలిసిపోయింది, మీ నాన్నను రమ్మను అంది. ఆ మాట నాకు ఇవాళ అన్నట్టే ఉంది.

అవి వరిచేలు చేపల చెరువులుగా మారుతున్న రోజులు. నిరుడు మేము కూర్చుని తిన్న గట్టు ఈ ఏడు వెళితే ఉండేది కాదు. ఒక ఆదివారం చెరువుల యజమాని సూర్యనారాయణ గారు మోటారుసైకిలు ఆపి, నోట్‌బుక్కు అడిగి తీసుకుని, బొమ్మల కంటే ఎక్కువగా కింద రాసినవి చదివారు. అంత శ్రద్ధగా చదివిన మనిషిని మేము అంతకుముందు చూడలేదు.

"మా కాపలావాళ్ళకి పిట్టల సంగతి తెలీదండీ సాయిబు గారూ. ఇయ్యన్నీ ఒక పెద్ద రేకు మీద గీసిపెట్టండి. ఈ టైములు కూడా వెయ్యండి."

పక్షులు గీయమని అబ్బాను అడిగిన మొదటి మనిషి ఆయనే. చేపల చెరువులాయనకు పిట్టలతో ఏం పని అని అమ్మీ అడిగింది. నీకు తెలీదులే అని అబ్బా నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ ఏడు రంజాన్ చలికాలంలో వచ్చింది. ఉపవాసంతోనే వరండాలో రేకు ముందు కూర్చుని నెలంతా గీశాడు. ఇఫ్తారు పకోడీల్లోనూ, అమ్మీ నేతిలో వేయించిన సేమియాలోనూ ఎనామిల్ వాసనే. పండుగ ముందురోజు పదమూడు పక్షులకూ కళ్ళు వేశాడు. గోడకు ఆనించిన రేకు మీద నుంచి అవన్నీ ఒక్కసారిగా చూస్తుంటే, నేను ఆ వరండాలోకి ఒంటరిగా వెళ్ళడానికి భయపడ్డాను.

బోర్డు పంపిన రెండు వారాలకు దాన్ని చూద్దామని వెళ్ళాం. బస్సు దిగినప్పటి నుంచి ఒక్క రెక్క చప్పుడు లేదు. కాకులు కూడా లేవు. అబ్బా నడక నెమ్మదించింది. కాపలాదారు ఏసుబాబు ఎదురొచ్చాడు, ముఖమంతా సంతోషం.

"మీ బోర్డు పుణ్యమా అని మాకు తిరుగుడు తప్పిందండీ. ఏది ఎప్పుడు ఎక్కడ వాలుద్దో చూసుకుని, అక్కడే మందు పెట్టిన చేపలు ఏస్తన్నాం."

షెడ్డు వెనక టార్పాలిన్ కింద నుంచి కాళ్ళు కనిపిస్తున్నాయి. అబ్బా టార్పాలిన్ ఎత్తి, ఒక్కొక్కదాన్నీ తిప్పి చూశాడు. అన్నీ గుర్తుపట్టాడు.

బోర్డు తిరిగి ఇచ్చేయమని సూర్యనారాయణ గారిని అడిగితే, ఆయనకు అర్థమే కాలేదు. బాగా పనికొస్తోందని, పక్క చెరువులాయన కూడా ఒకటి రాయించుకుంటానంటున్నాడని చెప్పారు. కింద అబ్బా సంతకం ఉన్నచోట అప్పటికే రంగు పూసి, తమ చెరువుల పేరు రాయించుకున్నారు. బస్సులో నేను ఆ సంతకం గురించే ఏడ్చాను.

"అదొక్కటే మంచి పని చేశారు బేటీ," అన్నాడు అబ్బా.

మళ్ళీ ఏ బొమ్మ కిందా ఆయన ఒక్క అక్షరం రాయలేదు. గీయడం మాత్రం చనిపోయేదాకా మానలేదు. ఆఖరి నోట్‌బుక్కుల్లో చాలా పక్షులకు కళ్ళు లేవు, అవి రెండోసారి కనబడలేదు.

ఆ బోర్డు ఇచ్చేయమని నేను ఎన్ని ఉత్తరాలు రాశానో, ఒక్కదానికీ జవాబు రాలేదు. సూర్యనారాయణ గారు పోయారని తెలిసినా పరామర్శకు వెళ్ళలేదు. బోర్డు కోసం మాత్రం పోయిన నెల మళ్ళీ వెళ్ళాను. చెరువుల మీద పాత వలలు కప్పి ఉన్నాయి, ఎక్కడా ఒక్క పిట్టా లేదు. తుప్పు పట్టిన రేకును మైలవరం నుంచి వచ్చిన కొత్త కాపలాదారు తీసి ఇచ్చాడు. అడ్డు తప్పుతుందని అతనికి సంతోషమే. ఇచ్చే ముందు కాసేపు చూశాడు.

"ఇయ్యి ఏ దేశం పిట్టలండీ?"

"ఈ చెరువుయ్యే," అన్నాను.

అతను నీళ్ళ వైపు చూశాడు. నాతో వాదన ఎందుకన్నట్టు తలూపాడు.