విమానం కడుపులో పసుపు కొమ్ము

రెండు వందల మందిని మోసుకుని ఎగిరే విమానాన్ని మా మనీషా చిటికెన వేలంత పసుపు కొమ్ముతో నేలకు కట్టేసింది. ఇంజన్లు గింజుకున్నాయి, రెక్కలు వణికాయి, అయినా విమానం అంగుళం కదల్లేదు. ఇందులో అబద్ధముంటే నా కారు నాలుగు టైర్లూ ఇప్పుడే పేలిపోవాలి. ఇదిగో, పేలలేదు.

మనీషా మా చిన్నబాపు కూతురు, అంటే బాబాయి బిడ్డ. మాది తొండుపల్లి. విమానాశ్రయం గోడకు ఇవతల మేము, అవతల విమానాలు. నేను ఆ గోడ చుట్టూ అద్దెకారు నడుపుకుంటాను. ఇంజనీరింగ్‌ను నేను రెండేళ్లలోనే ముగించాను. మనీషా మూడో ఏడాది దాటినా ఇంకా చదువుతూనే ఉంది. అందరికీ ఒకే తెలివి ఉండదు కదా!

మెకానికల్ చదువుతుంది. పొద్దున శంషాబాద్‌లో కాలేజీ బస్సు ఎక్కుతుంది, సాయంత్రం దిగుతుంది. ఇంట్లో టీవీ మోగుతుంటే పుస్తకం పట్టుకుని వచ్చి, ఇంటిముందు ఆపిన నా కారు వెనుక సీట్లో కూర్చుని చదువుకుంటుంది. దుబాయి షేకు ఒకడు నా డ్రైవింగ్ చూసి చేతి గడియారం విప్పి ఇచ్చాడని నేను చెబుతుంటే, పేజీ మీది నుంచి తల ఎత్తకుండా "ఏదీ, చూపియ్యి" అంటుంది. నా కథలన్నీ ఆ పిల్ల దగ్గరే చచ్చిపోతాయి.

ఈ ఎండాకాలం ఆమెకు ఇంటర్న్‌షిప్ దొరికింది. విమానాలను విప్పి బాగుచేసే పెద్ద షెడ్డు ఒకటుంది, దాన్ని హ్యాంగర్ అంటారు. కాలేజీ మొత్తం మీద ఇద్దరినే తీసుకున్నారు. జేబుల్లేని నీలం బట్టలిచ్చారు. ఆ షెడ్డులో ఒక్కటే చట్టం: ఒంటిమీద ఊడిపడేది ఏదీ లోపలికి రాకూడదు. గాజులు, కమ్మలు, జడపిన్నులు, ఫోను, అన్నీ గేటు దగ్గర పెట్టెలో పెట్టి తాళం వేయాలి. వాళ్లకు పని నేర్పే ఇంజనీరు నరసరాజు గారు భీమవరం వైపు మనిషి. మొదటి రోజే విమానం నేల పలకలు ఎత్తించి, కింద బిగుతుగా సాగిన ఇనుప తీగలను, అవి తిరిగే గిలకలను చూపించారట. "తోకను తిప్పేది ఈ తీగలేనమ్మా. తీగకూ గిలకకూ మధ్య వేరుశనగ గింజ పడినా పైలట్ చేతిలో ఏమీ ఉండదు" అన్నారట.

ఆ మాట విన్న పిల్ల, చేతికి పసుపు కొమ్ము కట్టుకుని లోపలికి పోయింది.

ఎందుకు పోయిందో చెప్పాలంటే మా అరుణ వదిన సంగతి చెప్పాలి. అరుణ వదిన మనీషా అన్న వీరేందర్ భార్య. పోయినేడు మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. ఈసారి నెలలు నిండేసరికి కాళ్లు వాచాయి, బీపీ పెరిగింది. మా ఇండ్లల్లో ఒక పద్ధతుంది. కాన్పు గండంగా ఉంటే ఎల్లమ్మకు మొక్కి, పసుపు కొమ్మును దారంతో చుట్టి ఆడబిడ్డ దండచేతికి కడతారు. బిడ్డ భూమ్మీద పడేదాకా దాన్ని విప్పకూడదు. పడ్డాక తీసుకెళ్లి ఎల్లమ్మ ముందు పెట్టాలి. మా చిన్నమ్మ భాగ్యమ్మ ఆ కొమ్మును మనీషా చేతికి కట్టి, "జారనియ్యకు బిడ్డా. వదిన పానం దీంట్లున్నది" అంది.

మనీషా మూర్ఖురాలేమీ కాదు. మొదటి రోజు గేటు దగ్గర కొమ్ము విప్పి, ఫోనుతో పాటు పెట్టెలో పెట్టింది. సాయంత్రం మళ్లీ కట్టుకుని ఇంటికొచ్చింది. వచ్చేసరికి వదిన కళ్లు తిరిగి వాకిట్లో పడిపోయి ఉంది. చిన్నమ్మ ఏడుస్తూ ముందు కోడలి మొహం చూసింది, తర్వాత కూతురి చెయ్యి చూసింది. పొద్దున విప్పిన సంగతి మనీషా ఎవరికీ చెప్పలేదు. మర్నాటి నుంచి కొమ్ము విప్పలేదు. గేటు దగ్గర కాపలా కాసే ముసలి మల్లేశ్వర్ చేతిలోని యంత్రం ఇనుముకు అరుస్తుంది గానీ పసుపుకు అరవదు. నీలం బట్టల పొడుగు చేతుల కింద కొమ్ము రోజూ లోపలికి పోయేది, రోజూ బయటికొచ్చేది.

ఆ రోజు ఒక విమానం పని చివరికొచ్చింది. సాయంత్రం అది షెడ్డు వదిలి పోవాలి. పొద్దున్నుంచీ మనీషా దాని కడుపులో, సామాన్లు పెట్టే గది నేల కింద బోర్లా పడుకుని, తీగల చుట్టూ దుమ్ము తుడిచింది. సన్నటి చేతులు కాబట్టి ఇరుకు సందులన్నీ ఆమెకే అప్పగించారు. మధ్యాహ్నం అన్నం తినబోతూ చెయ్యి కడుక్కుందామని బట్ట పైకి లాగింది. దండచేతి మీద పసుపు మరక ఉంది. కొమ్ము లేదు.

అన్నం డబ్బా మూత కింద చూసింది. కుళాయి దగ్గర చూసింది. నడిచొచ్చిన దారంతా తల దించుకుని తిరిగి నడిచింది. ఎక్కడా లేదు. విమానం దగ్గరికొచ్చేసరికి లక్ష్మణ్ అనే పనివాడు నేల పలకలు ఒక్కొక్కటే మూసి మరలు బిగిస్తున్నాడు. అతని వెనుక నిలబడింది. నోరు తెరిస్తే ఇంటర్న్‌షిప్ ఉండదు, కాలేజీలో పేరుండదు. తెరవకపోతే ఆ పలకలు మూసుకుపోతాయి, విమానం ఎగురుతుంది.

సరిగ్గా అప్పుడే నేను గేటు ముందు కారు ఆపాను.

నాకు వీరేందర్ ఫోన్ చేశాడు. "వదినను ఆపరేషన్‌కు తీస్కపోయిండ్రు. చెల్లెను దవాఖానకు తీస్కరా. దాని ఫోన్ పెట్టెల ఉంటది, గేటుకాడికే పో." వెనుక నుంచి చిన్నమ్మ ఫోను లాక్కుంది. "కొడుకా, కొమ్ము చేతికే ఉన్నదా అడుగు. అడిగి నాకు చెప్పు."

మల్లేశ్వర్ లోపలికి కబురు పంపాడు. నరసరాజు గారు వెంటనే వెళ్లమన్నారట. మనీషా బయటికొచ్చింది. ఆ మొహం చూసి వదిన సంగతి అప్పుడే తెలిసిపోయిందేమో అనుకున్నాను.

"వదినను లోపటికి తీస్కపోయిండ్రు. నడువు. చిన్నమ్మ కొమ్మును అడుగుతున్నది" అన్నాను.

"కొమ్ము పోయిందన్నా."

"యాడ పోయింది?"

షెడ్డు వైపు చూసింది. నాకు అర్థమైంది. నా బుర్ర విమానం కంటే వేగం.

"ఎవరన్న చూసిండ్రా?"

"లే."

"ఇగ చాలు. కారెక్కు. మీ సారే పొమ్మన్నడు. అంత పెద్ద విమానంల గింత కొమ్ము ఏం జేస్తది? కూరలేస్తే కూడ తెల్వది."

ఎక్కింది. తలుపు వేసుకుంది. పెట్టెలోంచి తీసుకున్న ఫోను ఒళ్లో పెట్టుకుని, దాన్ని చూడకుండా కిటికీలోంచి చూస్తోంది. నేను బండి తిప్పాను. ఆ రోడ్డు మలుపు దగ్గర ఎప్పుడూ ఒక విమానం నెత్తిమీద నుంచి దిగుతూ ఉంటుంది. ఆ రోజూ దిగుతోంది. కిటికీల వరుస కనబడేంత కిందికి వచ్చింది. మనీషా దాన్ని చివరిదాకా చూసింది.

"అన్నా, ఆపు."

"ఏందే?"

"ఆపమన్న."

"పిచ్చిలేసిందా? అక్కడ వదిన పానం మీదికొచ్చింది. మీ అమ్మ నువ్వు కావాలంటున్నది. లోపటికి పోతే నిన్ను గిప్పుడే ఎల్లగొడ్తరు!"

"వదినకాడ డాక్టర్లున్నరు. ఆ గిలకకాడ ఎవ్వరు లేరు."

తలుపు తీసుకుని దిగింది. గేటు దాకా పరుగెత్తింది. ఫోను మల్లేశ్వర్ చేతిలో పెట్టి, "తాతా, ఇది మళ్ల పెట్టెల పెట్టు" అంటూ లోపలికి పోయింది. నేను ఎండలో కారు పక్కన నిలబడ్డాను. ఆ కాసేపట్లో నాకు కారినంత చెమట, మా ఊరి పొలాల మీద నాలుగు వానాకాలాల వాన కలిపినా ఉండదు.

లోపల జరిగింది నేను చూడలేదు. మనీషా ముక్కలు ముక్కలుగా చెప్పింది, మిగతాది లక్ష్మణ్ చెప్పాడు. నేను ఉప్పు మాత్రమే వేశాను.

"ఏమ్మా, ఇంకా వెళ్లలేదా? ఇంట్లో పరిస్థితి బాగాలేదన్నారు కదా?" అన్నారు నరసరాజు గారు.

"సార్, నా చేతికున్న వస్తువొకటి లోపల పడ్డది."

"ఏ వస్తువు?"

"పసుపు కొమ్ము సార్."

లక్ష్మణ్ ముందు నవ్వాడు. నరసరాజు గారి మొహం చూసి ఆపేశాడు.

"పని ఆపండి. ఎవరూ ఇంకో మర తిప్పకండి" అన్నారాయన. గొంతు పెంచలేదు. గొంతు పెంచకుండా అన్నందుకే షెడ్డు అంతా చల్లబడిందట. "ఎంత ఉంటుంది?"

మనీషా చిటికెన వేలు చూపించింది.

"చేతికి ఎందుకు కట్టుకొచ్చావు? మొదటి రోజు నేను చెప్పింది వినలేదా?"

"విన్న సార్."

"విని కూడా తెచ్చావా?"

ఆయన జవాబు కోసం ఆగలేదు. "పొద్దున్నుంచి ఎక్కడెక్కడ చెయ్యి పెట్టావో ఆ వరుసలోనే చూపించు. నేరుగా తీగల దగ్గరికి వెళ్లకు, మొదటి నుంచి రా" అన్నారు.

బిగించిన పలకలన్నీ మళ్లీ విప్పారు. కర్రకు కట్టిన అద్దం, లైటు పట్టుకుని సందు సందూ వెతికారు. సాయంత్రం వెళ్లాల్సిన విమానం వెళ్లదని నరసరాజు గారు ఎవరికో ఫోన్లో చెబుతుంటే మనీషా వింటూనే ఉంది. అవతలివాళ్లు అరుస్తున్నారు. ఆయన "అవునండి, కారణం తర్వాత రాసి పంపుతాను" అంటూనే ఉన్నారు, ఒక్కసారి కూడా ఆమె వైపు వేలు చూపించలేదు.

ఇక్కడ గేటు దగ్గర నా ఫోను మోగింది. చిన్నమ్మ.

"కొడుకా, కొమ్మున్నదా?"

"ఉన్నది చిన్నమ్మా. గట్టిగున్నది. గుంజితే కూడ ఊడుతలేదు."

"మరి బయల్దేరలేదేంది?"

"ట్రాఫిక్ చిన్నమ్మా."

షెడ్డు ముందు ఖాళీ రోడ్డు మీద ఒక కుక్క పడుకుని ఉంది. ట్రాఫిక్ అదే.

లోపల పలకలన్నీ అయిపోయాయి, చివరి ఇరుకు సందు ఒక్కటే మిగిలింది. అక్కడ లైటు పెడితే ఇనుప అంచు మీద సన్నటి పసుపు గీత కనబడింది. చెమటకు తడిసిన కొమ్ము రాసుకుపోయిన గీత. మనీషా మళ్లీ బోర్లా పడుకుంది. నరసరాజు గారు పక్కనే మోకాళ్ల మీద కూర్చుని లైటు పట్టుకున్నారు. చెయ్యి భుజం దాకా దూర్చింది. వేళ్లకు దారం తగిలింది. దారం ఒక మర తలకు చుట్టుకుని ఉంది. కొమ్ము దాని చివర వేలాడుతూ గిలక పక్కన ఆగి ఉంది. తీగ కదిలితే లోపలికి లాక్కునేంత దగ్గరలో.

"లాగకు. ముందు దారం విప్పు" అన్నారాయన.

విప్పింది. తీసి ఆయన అరచేతిలో పెట్టింది.

నేను ఎక్కడ చెప్పినా ఈ చోట ఒక మాట కలుపుతాను: ఆ కొమ్ము బయటికొచ్చిన క్షణానే దవాఖానలో పాప కేరుమంది. అరుణ వదిన కళ్లు తెరిచింది. చెప్పినప్పుడల్లా వినేవాళ్ల ఒళ్లు జలదరిస్తుంది, నా ఒళ్లు కూడా.

నరసరాజు గారు కొమ్మును ప్లాస్టిక్ సంచిలో వేసి చీటీ అంటించారు. "రేపటి నుంచి హ్యాంగర్‌లోకి రావద్దు. మిగిలిన రోజులు స్టోర్ గదిలో పనిముట్లు తుడువు. మీ కాలేజీకి రాస్తాను" అన్నారు.

"సరే సార్."

"పడేసింది రాస్తాను. వచ్చి చెప్పింది కూడా రాస్తాను. వెళ్లు, ఇంటి వాళ్లు చూస్తుంటారు."

దవాఖానలో చిన్నమ్మ వరండాలోనే ఎదురొచ్చింది. పాప సంగతి చెప్పక ముందే కూతురి చెయ్యి పట్టుకుని బట్ట పైకి లాగింది. నేను తాళాలు చూసుకుంటూ పక్కకు జరిగాను.

"పోయిందమ్మా. పొద్దున్నే పోయింది. అన్న నీకు అబద్ధం చెప్పిండు" అంది మనీషా.

చిన్నమ్మ ఆ ఖాళీ చేతిని చాలాసేపు వదల్లేదు. తర్వాత నా వైపు చూసింది. ఆ చూపుకు విమానమైతే కూలిపోయేది, నేను కాబట్టి నిలబడ్డాను. "దొరికిందా?" అంది చివరికి.

"దొరికింది. సార్ దగ్గరున్నది."

"రేపు నేనొస్త. ఎల్లమ్మకు పెట్టాలె."

అన్నట్టే వచ్చింది. గేటు దగ్గర నిలబడి "మా కొమ్ము మాకియ్యిండ్రి" అంటే మల్లేశ్వర్‌కు ఏం చేయాలో తోచలేదు. నరసరాజు గారే బయటికొచ్చి, చీటీతో సహా ఆ సంచిని రెండు చేతులతో చిన్నమ్మకు అందించారు. "పుట్టింది మనవరాలా అండీ?" అని అడిగారు. "అవును సారూ, మా పిల్ల తప్పు చేసింది" అంది చిన్నమ్మ. "చేసిందండీ" అన్నారాయన. అంతే, లోపలికి వెళ్లిపోయారు.

ఇప్పుడు ఆ గేటు దగ్గర ఎవరొచ్చినా మల్లేశ్వర్ ముందు చొక్కా చేతులు పైకి మడవమంటాడు. మిగతా ట్రైనీలు ఎండలో నిలబడి మా మనీషాను తిట్టుకుంటూ మడుస్తారు. మనీషా స్టోర్ గదిలో స్పానర్లు తుడుస్తుంది. సాయంత్రం నా కారు వెనుక సీట్లో కూర్చుని చదువుకుంటుంది. ఇదంతా రాసి ఆమెకే మొదట చదివి వినిపించాను, విమానాన్ని కట్టేసిన సంగతి నుంచి పాప కేరుమన్న సంగతి దాకా. పేజీ మీది నుంచి తల ఎత్తకుండా వింది. అయ్యాక ఇంతే చెప్పింది:

"విమానం అప్పటికే ఆగి ఉండె అన్నా, రిపేరుకొచ్చింది. ఇంజన్లు బందే ఉండె. పాప కొమ్ము దొరకకముందే పుట్టింది. నేను చేసిందేం లేదు, పారేసుకున్న, చెప్పిన."