ఖాళీ పెన్నుల లేసు

చైతన్యపురి మెట్రో వెనక సందులో కుసుమకుమారి ఇంటి హాల్లో ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆరుగురు ఆడవాళ్లు చేరి లేసు అల్లుతారు. ముందు ఒక గట్టి దిండు, దాని మీద నమూనా కాగితం, కాగితం నిండా గుండుసూదులు. దారం చుట్టిన కండెలను జంటలుగా పట్టుకుని, ఒకదాని మీంచి ఒకటి దాటించి మెలివేస్తూ పోతే సూదుల చుట్టూ లేసు దిగుతుంది. పాలకొల్లు నుంచి వచ్చిన కుసుమకుమారి ఈ విద్యను అరవై దాటాక వీడియోలు చూసి నేర్చుకుంది. మిగతా వాళ్లకు ఆవిడే గురువు.

ఆరో మనిషి యాదలక్ష్మి. పక్క సందులో ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. పుట్టింది నల్గొండ దగ్గర మగ్గాల ఇంట్లో. వచ్చిన మొదటి ఆదివారమే, బ్యాంకులో పనిచేసే అమల కండెకు దారం చుట్టలేక తంటాలు పడుతుంటే చూసి ఊరుకోలేకపోయింది.

"ఇటియ్యమ్మా, జర నేను సూస్త" అని అందుకుంది. మాటల్లోనే ఇరవై కండెలు చుట్టేసింది.

"అబ్బ, ఏం పనితనం!" అన్నారందరూ. అంతే, కొంప మునిగింది.

ఆ రోజు నుంచి ఎవరి కండె ఖాళీ అయినా యాదలక్ష్మి ఒళ్లోనే పడేది. "నువ్వు చుడితే ఇక దిగులుండదు యాదలక్ష్మీ" అని కుసుమకుమారి మురిసిపోయేది. టీ ఇచ్చేది, పెరట్లో మల్లెపూలిచ్చేది. దిండు మాత్రం ఇవ్వలేదు. చెడ్డమనిషి కాదు పాపం, తట్టలేదంతే!

యాదలక్ష్మికి చిన్నప్పుడూ ఇదే బతుకు. నాయనా అన్నలూ మగ్గమెక్కేవాళ్లు, తను కింద కూర్చుని కండెలు చుట్టేది. చీర దిగితే మెప్పు వాళ్లకు. ఈ వయసులోనైనా ఒక్క జానెడు లేసు తన చేతుల్లోంచి దిగాలని ఆమెకు ఎంత ఆశో! నోరు తెరిచి అడగడానికి అభిమానం అడ్డొచ్చింది.

హాస్టల్ పిల్లలవి కోచింగ్ చదువులాయె, వారం తిరక్కుండా పెన్ను అరగదీస్తారు. చెత్తబుట్టలో పడ్డవన్నీ యాదలక్ష్మి ఏరి కడిగి, దారం చుట్టి కండెలుగా చేసుకుంది. పాత దిండులో చిరిగిన చీరలు కూరి గట్టిగా కుట్టింది. టిఫిన్లయ్యాక అన్నానికి ఎసరు పెట్టేలోగా దొరికే గంటలో, చూసి చూసి కంఠతా వచ్చిన అల్లిక మొదలుపెట్టింది. తప్పు పోయిన చోటల్లా విప్పి మళ్లీ అల్లింది.

మూడు నెలలు నిండిన ఆదివారం సంచిలోంచి ఆ దిండు తీసి ముందు పెట్టుకుంది. నలభై నీలం పెన్నులు టకటకలాడుతూ వేలాడుతున్నాయి. వాటి పైన జానెడు లేసు.

"అయ్యో, నన్నడిగితే దిండు ఇచ్చేదాన్ని కదమ్మా!" అంది కుసుమకుమారి.

"అడిగితే ఇస్తరు మేడం, నాకెర్కనే. అడగకముందే ఇస్తరేమోనని గిన్ని దినాలు సూసిన" అంది యాదలక్ష్మి.

కుసుమకుమారి మొహం చిన్నబోయింది. కుర్చీలోంచి లేచి, మోకాళ్లు పట్టుకుని మెల్లగా కింద యాదలక్ష్మి పక్కన కూర్చుంది. దారం అయిపోయిన పెన్నొకటి తీసుకుని మళ్లీ చుట్టడం మొదలుపెట్టింది. ఒకచోట లావు, ఒకచోట వదులు. చూడలేక యాదలక్ష్మి చెయ్యి చాపింది.

"గట్లనా మేడం చుట్టుడు? బిగువుగ పట్టాలె!"

"చుడుతున్నా కదా! నువ్వు నీ దిండు చూసుకో."

యాదలక్ష్మి కొంగుతో కళ్లు తుడుచుకుని తన దిండు చూసుకుంది.