ఓనరు గారి అల్లుడు

స్టేడియం రెండో గేటు ఎదుట ఉన్న కుట్టు దుకాణానికి బోర్డు ఉంది కానీ, దాని మీద ఏం రాసుందో చదివిన పాపాన ఎవరూ పోలేదు. అందరికీ ఆవిడ అక్షరాలక్క. బాస్కెట్‌బాల్ జట్టు చొక్కాల మీద పేర్లు కుట్టేది ఆవిడే. పద్దెనిమిదేళ్లుగా జట్టులోకి ఎవరు వచ్చినా ఆవిడ సూది కింద నుంచే వచ్చారు, ఎవరు పోయినా ఆవిడ బ్లేడు కింద నుంచే పోయారు. ఎందుకంటే జట్టు ఓనరు గారు కొత్త చొక్కా కొనే రకం కాదు. పోయినవాడి పేరు విప్పించి, అదే కొలతవాడు రాగానే వాడి పేరు కుట్టిస్తాడు. చొక్కాతో పాటు సంచీలో ఒక చీటీ వస్తుంది, 'విప్పాలి' అని. నాలుగైదు రోజులకు పేపర్లో ఫలానా ఆటగాడు వెళ్లిపోతున్నాడని పడుతుంది.

చీటీ సంగతి పైకి పొక్కనివ్వనని జట్టు మేనేజరుకు ఆవిడ మొదటి రోజే మాట ఇచ్చింది. కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు. దుకాణం ముందు బల్ల మీద చేరేవాళ్ల నోట్లో నువ్వుగింజ నానదు. వాళ్ల మధ్య ఉండి ఆ మాట నిలబెట్టుకోవడం సామాన్యం కాదు.

సాయంత్రమైతే ఆ బల్ల మీద లెక్కల మాస్టారు, తాళాలు బాగుచేసే ఆయన, లిఫ్టు మెకానిక్ అయిన ఆవిడ భర్త, మరో ఇద్దరు ముగ్గురు చేరతారు. ఎంతకాలమైనా గొడవ ఒక్కటే. ఓనరుకు గెలవాలని ఉందా, లేదా? లేదని మాస్టారు లెక్క కట్టి చూపిస్తారు. ఓడినా గెలిచినా హాలు నిండుతున్నప్పుడు గెలుపు కోసం డబ్బు తగలేసే వెర్రివాడెవడని ఆయన ప్రశ్న. ఎంగిలి చేత్తో కాకిని తోలనివాడు కప్పు ఏం తెస్తాడని తాళాలాయన వంత పాడతాడు. ఓనరు పక్షం వహించేది భర్త ఒక్కడే. పదేళ్ల కిందట జట్టు ఫైనల్లో ఓడిన రోజు ఆయన ఆ హాల్లోనే లిఫ్టు బాగుచేస్తున్నాడు. అందరూ వెళ్లాక ఓనరు ఖాళీ కుర్చీల మధ్య తల పట్టుకుని కూర్చోవడం కళ్లారా చూశాడు. ఓటమి ఒంటికి పట్టనివాడు అలా కూర్చోడని ఆయన నమ్మకం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి మరి. అందుకే బల్ల మీద ఆయన పేరు 'ఓనరు గారి అల్లుడు'.

ఈ ఏడు నిచ్చెన ఒప్పందం గడువు తీరింది. నిచ్చెన అంటే జట్టులో అందరికన్నా పొడుగువాడు, ఉన్నవాళ్లలో మెరుగైనవాడు. అడిగినంత ఇస్తేనే ఉంటానన్నాడు. ఇవ్వడని మాస్టారు, ఇస్తాడని భర్త పందెం వేసుకున్నారు. ఓడినవాడు బల్ల ముందు నిలబడి, "నువ్వన్నదే నిజం" అనాలి. పదేళ్లలో ఆ మాట భర్తతో ఎవరూ అనలేదు. ఒక్కసారి వినాలని ఆశ. వార్త వచ్చే రోజున రమ్మని తన షెడ్డులో పనివాళ్లు పాతికమందినీ పిలిచాడు కూడా.

ఆ వారమే నిచ్చెన చొక్కా వచ్చింది. చీటీ మీద 'విప్పాలి' అని ఉంది.

ముప్పై మంది ముందు ఆయన తల దించుకోవాల్సి వస్తుందని అక్షరాలక్క బాధ. రెండు రోజులు మింగలేక కక్కలేక తిరిగి, మూడో రోజు అన్నం వడ్డిస్తూ చెప్పేసింది. ఆయన చేతిలోని ముద్ద కంచంలో పెట్టేసి లేచాడు. మర్నాడు పిలిచినవాళ్లను రావద్దన్నాడు. బల్ల ముందు నిలబడి, "మాస్టారూ, మీరన్నదే నిజం" అన్నాడు. ఆ తర్వాత బల్ల మీద కూర్చోలేదు. పని నుంచి రాగానే లోపలికొచ్చి, ఆవిడ అడగకపోయినా బాబిన్లకు దారం చుట్టిపెట్టేవాడు.

ఆయన ఓటమి ఒప్పుకున్న తొమ్మిదో రోజు పేపర్లో వచ్చింది. నిచ్చెన ఉంటున్నాడు, అడిగినంతా ఇచ్చారు, పైగా కెప్టెన్ని చేశారు. మధ్యాహ్నానికి మేనేజరు సంచీ పంపాడు. అందులో బంగారు రంగు అక్షరాలున్నాయి. కెప్టెన్ పేరు ఆ రంగులో ఉండాలట. విప్పమన్నది అందుకు. కెప్టెన్ అయినా సరే, ఆ మహానుభావుడు కొత్త చొక్కా కొనలేదు. అక్షరాలక్క మిషను ముందు కూలబడింది. జన్మకో శివరాత్రి అన్నట్టు భర్త నెగ్గిన ఒకే ఒక్క పందెం తన చేతుల మీదుగా పోయింది.

సాయంత్రం భర్త లోపలికి రాబోతుంటే మాస్టారు ఆపి, అంత నమ్మినవాడివి వారం ముందే ఎందుకు ఒప్పుకున్నావయ్యా అని అడిగారు. ఆయన మిషను వైపు చూడనైనా చూడలేదు.

"ఏం లేదు మాస్టారూ. నాకే నమ్మకం పోయింది."

మిషను ఆగింది. ఆవిడ చొక్కా చేత్తో పట్టుకుని గడప దాటి వచ్చింది.

"ఆయనకు పోలేదండీ. నేను పోగొట్టాను. ఇది విప్పమని వచ్చింది. వెళ్లిపోతున్నాడనుకుని ఆయనకు చెప్పేశాను."

"నువ్వు లోపలికెళ్లు. నీ పని పోతుంది," అన్నాడు భర్త.

"పోతే పోనీండి. మేనేజరుతో రేపు నేనే చెప్పుకుంటా."

మాస్టారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని లేచి నిలబడ్డారు.

"నువ్వన్నదే నిజం," అన్నారు.

పదేళ్లు ఎదురుచూసిన మాట అది. ఆయన మాత్రం భార్య ముఖంలోకే చూస్తున్నాడు. తాళాలాయన చొక్కా అందుకుని వెలుతురుకు ఎత్తి పట్టాడు. పాత అక్షరాల సూది బెజ్జాలు వరసగా కనిపించాయి. కెప్టెన్‌కి కూడా కొత్త చొక్కా ఇవ్వలేదా, వీడు పిల్లికి బిచ్చం పెడతాడా అని మొదలెట్టాడు. మాస్టారు వెంటనే అందుకున్నారు. భర్త బల్ల చివర కూర్చుని, ఒంటికి అలవాటైన చొక్కా ఉండగా కొత్తది దేనికని అడ్డుపడ్డాడు.

"ఇదిగో, మొదలెట్టాడు ఓనరు గారి అల్లుడు," అన్నాడు తాళాలాయన.

తొమ్మిది రోజులుగా ఆ పిలుపు వినబడలేదు. అక్షరాలక్క చొక్కా తీసుకుని లోపలికి వెళ్లి, ఆయన చుట్టిపెట్టిన బాబిను వేసుకుని, పాత బెజ్జాల మీదుగానే బంగారు అక్షరం కుట్టడం మొదలుపెట్టింది.