సొన అంటిన చేతులు

ఈ ఉదయం ముసునూరు దగ్గర ఒక తోటలో కాయలు ఏరుతుంటే బంగినపల్లి తొడిమ చిటుక్కున విరిగి, సొన వేళ్ల మీద చిమ్మింది. ఆ ఘాటు వాసన ముక్కుకు తగలగానే సలోమి టీచర్ గొంతు పక్కనే వినిపించినట్టయింది. "ఏదీ, చేతులు చూపించు." నేను పిల్లల మనోవైద్య సేవలో కౌన్సెలర్‌ని. వేసవి అంతా తోటల్లోనే తిరుగుతాను. తిరగాలని మా రాష్ట్ర చట్టంలోనే రాసి ఉంది. ఆ మాట చట్టంలోకి ఎక్కించిన మనిషిని మీరు చూసి ఉండరు. చూసి ఉంటే మరిచిపోయేవారు కాదు.

టీచర్‌ది భారీ విగ్రహం, అంతకంటే భారీ గొంతు. ఆదివారం చర్చిలో ఆవిడ పాట అందుకుంటే మిగతావాళ్లం పెదవులు కదిపి ఊరుకునేవాళ్లం. "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిది కాదు కాబట్టే ఈ ఊరికి బస్సొచ్చింది" అని తనే చెప్పుకుని నవ్వేది. మా నాన్న తోటలకు కాపలా ఉండేవాడు. హనుమాన్ జంక్షన్‌లో లారీ గుద్ది పోయాడు. అప్పుడు పక్కనే ఉన్న మా చెల్లి కరుణ ఆ రోజునుంచి మాట్లాడటం మానేసింది. దూరాన హారన్ మోగినా చెవులు మూసుకుని నేల మీద కూలబడేది. అమ్మ ప్రార్థనలు చేయించింది, ఎవరో చెబితే తాయెత్తు కూడా కట్టించింది. ఊళ్లో మాత్రం పిల్లకు జ్వరమని చెప్పేది. పిచ్చి అన్న మాట ఇంటి పేరులా అంటుకుంటుందని ఆమె భయం.

ఒకరోజు టీచర్ తోటకు వచ్చింది. అమ్మ కాయల కుప్ప ముందు కూర్చుని మంచివీ మచ్చవీ వేరుచేస్తోంది. టీచర్ ఏమీ అడగలేదు. పట్టుచీరతోనే గోనెపట్టా మీద చతికిలబడి తనూ ఏరడం మొదలుపెట్టింది. చూపు కాయల మీద, చేతులు పనిలో ఉంటే మా ఆడవాళ్ల నోట మాట దానంతటదే వస్తుంది. కుప్ప సగమయ్యేసరికి అమ్మ అంతా చెప్పేసింది. "దేవుణ్ణీ అడుగు, డాక్టర్నీ అడుగు. ఇద్దరిలో ఎవరికీ కోపం రాదులే" అంది టీచర్. పట్నంలో పిల్లల క్లినిక్‌కు తనే వెంట తీసుకెళ్లింది. కొన్నాళ్లకు కరుణ రాత్రిళ్లు నిద్రపోయింది. ఒక పొద్దున "అమ్మా" అని పిలిచింది. అమ్మ పొయ్యి మీద అన్నం మాడిపోతున్నా కదల్లేదు.

ఆ వెంటనే కాపు కాలం వచ్చింది. మాబోటివాళ్లు ఇంటికి తాళమేసి, కోతలయ్యేదాకా తోటలో పాక వేసుకుని ఉంటారు. క్లినిక్ మనిషి వచ్చి తాళం చూసి వెళ్లిపోయాడట. వైద్యానికి రావడం లేదని కరుణ పేరు తీసేశారు. వానలు పడేనాటికి పిల్లకు మళ్లీ మాట పోయింది. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ మరుసటి వేసవిలోనే, పిల్లల, కుటుంబాల మానసిక వైద్యం కోసం ప్రభుత్వం కొత్త చట్టం తెస్తోందనీ, ముసాయిదా మీద అభిప్రాయాలు చెప్పమనీ నూజివీడులో ఒక కల్యాణమండపంలో సభ పెట్టారు. వరసగా రెండుసార్లు రాకపోతే పేరు తీసేయవచ్చని అందులోనూ ఉంది. టీచర్ లేచింది. మైకు అక్కర్లేదంది.

"ఇంటికి తాళం పడితే బిడ్డ జబ్బుకి కూడా తాళం పడుద్దాండీ?"

కమిటీ అధ్యక్షురాలు మర్యాదగానే, "ఆ తల్లుల్ని ఇక్కడికి పిలిపించండి మేడమ్, వింటాం" అంది.

"కోతల్లో వాళ్లు రాలేరండి. మీరే రండి. ఏసీ ఉండదు గానీ నీడ ఉంటది."

మర్నాడు నిజంగానే కార్లు మా తోటకు వచ్చాయి. ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని వాళ్లు అడుగుతుంటే అమ్మ పైట కొంగు మెలిపెడుతూ నిలబడిపోయింది. టీచర్ విసుక్కుంది. "ఆ కుర్చీలు తీసేయండి బాబూ. ఇలా వచ్చి కాయలేరండి. తొడిమ కిందికి పెట్టండి, పైకి పెడితే సొన కారి కాయ మచ్చపడుద్ది." ఇస్త్రీ చొక్కాల అధికారులు బుద్ధిగా వచ్చి కూర్చున్నారు. కాసేపటికి అమ్మ, తల ఎత్తకుండానే అంది: "నా బిడ్డ అమ్మా అని పిలిచిన వారానికే ఇక్కడికొచ్చామండీ. ఇక్కడికెవరన్నా వచ్చుంటే ఆ పిలుపు నిలిచేది." కరుణ చెయ్యి చాచి, అధ్యక్షురాలు తిరగేసి పెట్టిన కాయను సరిగ్గా పెట్టింది. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

మరుసటి ఏడు చట్టం వచ్చినప్పుడు, పేరు తీసేసే ఆ నిబంధన లేదు. కుటుంబం పనికోసం ఎక్కడుంటే సేవ అక్కడికి వెళ్లాలనీ, బిడ్డతోపాటు ఇంట్లోవాళ్లకూ అందాలనీ ఉంది. టీచర్ మా పాకకు వచ్చి ఆ ముక్క బిగ్గరగా చదివింది. "అచ్చుతప్పులున్నాయి వెధవలు" అంటూనే కొంగుతో కళ్లొత్తుకుంది. ఆ వేసవే బైకు మీద ఒక కౌన్సెలర్ పాకకు వచ్చాడు. మా ఊరి టీచరమ్మ చట్టాన్ని మార్చింది! ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు.

నన్ను ఈ చదువు చదివించింది ఆవిడే. ఉద్యోగంలో చేరాక ఏ ఇంటి సంగతి చెప్పబోయినా ముందు నా చేతులు చూసేది. శుభ్రంగా ఉంటే, "బల్లకి అవతల కూర్చుని మాట్లాడొచ్చావా? మళ్లీ వెళ్లు" అనేది. చచ్చినట్టు వెళ్లేదాన్ని. నిరుడు పోయింది మహాతల్లి.

సాయంత్రం జంక్షన్ మీదుగా వచ్చాను. రోడ్డు పక్కన కరుణ పళ్ల కొట్టు. లారీ ఆపిన డ్రైవరు బేరం తెగక హారన్ మోగిస్తున్నాడు. "ఏంటన్నా, హారన్ కొడితే రేటు తగ్గుద్దా?" అని మా చెల్లి అరిచిన అరుపుకు చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. నన్ను చూసి నవ్వుతూ, మంచినీళ్లయినా ఇవ్వకుండా అంది:

"అక్కా, ఏదీ, చేతులు చూపించు."

రెండు చేతులూ చాపాను.