ఫిల్లర్ పేజీలో రాసిన తీపి

1998 ఏప్రిల్‌లో నన్ను కృష్ణగిరి మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నుంచి హోసూరులోని మా కంపెనీ పానీయాల యూనిట్‌కు మార్చారు. సిరప్ రూం సూపర్‌వైజర్ ఉద్యోగం. ఇల్లు కృష్ణగిరిలోనే ఉంచి రోజూ బస్సులో పోయివచ్చేవాణ్ణి. నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. డబ్బాలు మోసే కూలీగా చేరి, కెమిస్టులు పారేసిన నోటు పుస్తకాలు ఏరుకుని చదివి, పాకం గట్టిదనం చూడడం, పులుపు కొలవడం నేర్చుకుని ఆ కుర్చీ దాకా వచ్చాను. ఇరవై ఏళ్లలో డిగ్రీలున్నవాళ్లు నన్ను సరిదిద్దింది రెండే సార్లు. మూడోసారి సంగతి ఇది.

సిరప్ రూం అంటే ఏమిటో బయటివాళ్లకు తెలియదు. సీసాలో మీరు తాగే మామిడి స్క్వాష్‌లో పండు వంతు ఎంతో చెబితే మీరు నమ్మరు. మిగిలినదంతా మా గదిలో తయారయ్యేదే. పెద్ద స్టీలు తొట్టెల్లో చక్కెర కరగబెట్టి, వడపోసి, నిమ్మ ఉప్పు వేసి, రిఫ్రాక్టోమీటర్‌లో చూస్తాం. అది జానెడు గొట్టం. దాని గాజు మీద ఒక చుక్క వేసి వెలుతురు వైపు పెట్టి చూస్తే, కరిగిన పదార్థం ఎంత ఉందో ఒక గీత చెబుతుంది. ఆ అంకెను బ్రిక్స్ అంటాం. యంత్రం చూశాక నాలుక చూడాలి. అర చెంచా నాలుక కొసన వేసుకుని, రుచి పట్టి, వెంటనే గిన్నెలో ఉమ్మేసి, గోరువెచ్చని నీళ్లతో పుక్కిలించాలి. మింగడం కొత్తవాళ్లు చేసే పని. మింగితే పదో తొట్టెకి నాలుక మొద్దుబారిపోతుంది. నా నాలుకకు ఆ యూనిట్‌లో పేరు ఉండేది. బ్రిక్స్‌లో ఒక్క అంకె తేడా ఉన్నా యంత్రం లేకుండా చెప్పేవాణ్ణి.

సరుకు రాసుకునే రిజిస్టరులో రెండు పేజీలు. మొదటిది తీపి పదార్థాలు: చక్కెర, ఆమ్లంతో కాచిన చక్కెర పాకం. రెండోది ఫిల్లర్లు. వీటిలో ముఖ్యమైనది మాల్టోడెక్స్‌ట్రిన్. మొక్కజొన్న గంజి పొడి నుంచి తీసిన తెల్లటి పిండి. నీళ్లలో కలుపుకునే మామిడి పొడి గడ్డకట్టకుండా, బరువు నిండుగా కనిపించడానికి బస్తాలకు బస్తాలు వేసేవాళ్లం. నాలుక మీద వేస్తే చప్పగా ఉంటుంది. అందుకే రెండో పేజీ.

ఆ నెలలోనే నా భార్య రత్నమ్మ కుడికాలి చిటికెన వేలికి పుండు పడింది. చెప్పు కరిచిన చిన్న గాయం. పసుపు పెట్టింది, వేపాకు నూరి పెట్టింది, మానలేదు. కృష్ణగిరిలో డాక్టరు రక్తం చూసి, చక్కెర జబ్బు చాలాకాలంగా ఉందని, పరగడుపు రక్తంలోనే మూడువందలు దాటిందని చెప్పాడు. మాత్రలు రాశాడు. ఒక నెలలో చక్కెర దిగితే పుండు మానుతుంది, దిగకపోతే వేలు తీసేయాలి, ఇంకా నిర్లక్ష్యం చేస్తే పాదం దాకా పోతుంది అన్నాడు.

పాకం పని చేసేవాడి ఇంట్లో పాకం రోగం. నాకు దుఃఖం కంటే కోపం ముందు వచ్చింది. ఇరవై ఏళ్లుగా సిబ్బందికి ఇచ్చే స్క్వాష్ సీసాలూ జాం డబ్బాలూ ఇంటికి మోసుకొచ్చింది నేనే. చుట్టాలు వస్తే నీళ్లకు బదులు స్క్వాష్ ఇవ్వడం మా ఇంటి గొప్ప.

ఫ్యాక్టరీలో ఒక సరుకు ఆపి ఇంకో సరుకు మొదలుపెట్టే ముందు లైన్ క్లియరెన్స్ అని ఒక పద్ధతి ఉంది. పాత సరుకు చుక్క మిగలకుండా తీసేసి, తొట్టెలు కడిగి, చూసినవాడు సంతకం పెట్టాలి. అనుమానం ఉన్న సరుకుకు ఎర్ర చీటీ కట్టి పక్కన పెడతారు. దాన్ని హోల్డ్ అంటారు. ఆ ఆదివారం నేను మా వంటింటికి లైన్ క్లియరెన్స్ చేశాను. చక్కెర డబ్బా, స్క్వాష్, జాం, బిస్కెట్లు, సేమ్యా పాయసం పొట్లం, టమోటా సాస్ కూడా బయటికి పోయాయి. బెల్లానికి ఎర్ర చీటీ కట్టాను.

రత్నమ్మ కాలు బల్ల మీద చాపుకుని చూస్తూ ఉంది. "ఏమప్పా, ఇది వంటిల్లా, మీ ఫ్యాక్టరీనా? ఆ చీటీ ఒకటి నాకూ కట్టు. నేనూ హోల్డులోనే ఉండాను కదా."

మా కోడలు సుజాత జాం సీసా చేతిలో పట్టుకుని నిలబడింది. "మామా, బ్రెడ్డుకి జాము లేకుంటే పాప బడికి పోదు."

"పోకుంటే పోనీలే. నేను మాత్రం పోయినానా?" అన్నాను.

"అందుకే ఇట్ల అయినావు," అని రత్నమ్మ అన్నది. సుజాత నవ్వు ఆపుకోవడానికి మొహం తిప్పుకుంది. సీసా మాత్రం నేను తీసుకున్నాను.

రత్నమ్మ నీరసపడుతోందని, బలానికి ఏదైనా ఇవ్వాలని నాకు అనిపించింది. హోసూరు బస్టాండు ఎదురు అంగడిలో రాగి మాల్ట్ డబ్బా ఒకటి దొరికింది. చక్కెర కలపలేదని ముందువైపే పెద్ద అక్షరాలు. నేను అంతటితో నమ్మేవాణ్ణి కాదు. వెనక్కి తిప్పి, సన్న అక్షరాల ఇంగ్లీషు అంతా అంగడి గుమ్మంలోనే నిలబడి చదివాను. రాగులు, మొలకెత్తిన గోధుమ, మాల్టోడెక్స్‌ట్రిన్, పాలపొడి. ఆ మూడో మాట చూసి తెలిసినవాడు ఎదురైనట్టు సంతోషించాను. ఇంటికి వచ్చి చెంచాతో తీసి నాలుక మీద వేసుకుని ఉమ్మేశాను. తీపి లేదు. పాసు చేశాను.

"చూడు, దీంట్లో చక్కెర లేదు. ఈ పొడుగు పేరు ఏమంటావా, మా ఫిల్లరే. వట్టి పిండి," అని రత్నమ్మకు చెప్పాను.

"వట్టి పిండైతే దుడ్లు పెట్టి తెచ్చేదెందుకు? పిండి మనింట్లో లేదా?" అన్నది.

ఆ రోజు ఆ ప్రశ్న నాకు ఆడవాళ్ల ఎగతాళిలా వినిపించింది. పొద్దున ఒక లోటా, సాయంత్రం ఒక లోటా, రెండేసి పెద్ద చెంచాల పొడి వేసి నేనే చెప్పి తాగించాను. నేను డ్యూటీలో ఉంటే సుజాత ఇవ్వాలి. ఇచ్చినట్టు గోడ మీది క్యాలెండర్‌లో గీత పెట్టాలి.

నెల గడిచింది. పరీక్ష కాగితంలో అంకె దిగలేదు. పైగా ఇరవై ఎక్కింది. వేలు కొస నల్లబడింది. డాక్టరు మాత్ర మోతాదు పెంచి, పది రోజులు చూద్దామన్నాడు. నన్ను పక్కకు పిలిచి, ఇలాంటివాళ్లు దొంగచాటుగా తింటారు, ఇంట్లో విచారించండి అన్నాడు.

నేను విచారించాను. ఆ రోజు రత్నమ్మ చెల్లెలు కావేరిపట్టణం నుంచి చూడడానికి వచ్చి ఉంది. సుజాతా అక్కడే ఉంది. వాళ్ల ముందే అడిగాను.

"ఎవురింట్లో తింటా ఉండావు? నిజం చెప్పు."

"నేను ఏమీ తినలేదప్పా."

"అయితే ఈ కాగితం అబద్ధం చెప్తా ఉందా?"

"కాగితం చెప్పేది నిజం, నేను చెప్పేది అబద్ధం. ముప్పై ఏండ్లు కాపురం చేసింది నాతోనా, కాగితంతోనా?"

నేను తగ్గలేదు. వంటింటి అలమరకు తాళం వేసి, తాళంచెవి జంధ్యంలా మెడలో వేసుకున్నాను. రత్నమ్మ దాన్ని చూసి ఒకే మాట అన్నది. "ఈ పొద్దు నుంచి నువ్వు తెచ్చింది ఏదీ నా నోట్లోకి పోదు."

అన్నట్టే చేసింది. మాత్రలు కూడా సుజాత చేత తెప్పించుకుంది. డాక్టరు చెప్పిన కొలతకు చిన్న రాగి ముద్ద, ఆకుకూర పులుసు, మజ్జిగ. అంతే. మాల్ట్ లోటా తెచ్చి పెడితే కుడితి తొట్టిలో పోయించింది. నాతో మాట మానేసింది.

ఎనిమిదో రోజు పరీక్షలో పరగడుపు అంకె మొదటిసారి రెండువందల కిందికి వచ్చింది. సంతోషించాల్సిన చోట నాకు మళ్లీ కోపమే వచ్చింది. అంటే ఇన్నాళ్లూ తిన్నదన్నమాట, పట్టుబడ్డాక మానేసిందన్నమాట అని సుజాతతో అన్నాను. మాత్ర పెంచారు కదా, అదీ కొంత పని చేసి ఉంటుందని అన్నాను.

సుజాత తట్టలో బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా చెప్పింది. "మామా, అత్త మానేసింది నువ్వు తెచ్చిన డబ్బా ఒకటే. మిగతాదంతా ముందు నుంచీ అట్లనే తింటా ఉండాది. వండేది నేను కదా, నాకు తెలీదా?"

మరునాడు డబ్బా సంచిలో వేసుకుని హోసూరు పోయాను. మా యూనిట్ కెమిస్టు విమలమ్మ కోలారు పక్క అమ్మాయి. వయసులో నా కూతురంత, హోదాలో నాకు పైన. తొట్టెలో సరుకు వదలాలన్నా ఆపాలన్నా ఆమె సంతకమే చెల్లుతుంది. విషయం చెప్పి, దీంట్లో దొంగ చక్కెర కలిపి ఉంటారు, పరీక్ష చేసి కాగితం ఇవ్వండమ్మా, కంపెనీవాళ్ల మీద కేసు పెడతాను అన్నాను.

ఆమె డబ్బా వెనక చదివింది. మూత మాత్రం తీయలేదు. లేచి మా గోదాములోని ఫిల్లర్ బస్తా నుంచి ఒక చెంచా తెప్పించి నా చేతిలో పెట్టింది.

"నోట్లో వేసుకో నారాయణప్పా."

నాలుక మీద వేసుకుని, అలవాటు ప్రకారం గిన్నె కోసం చూశాను.

"ఉమ్మేయొద్దు. మింగొద్దు. నోట్లోనే పెట్టుకోనుండు."

గోడ గడియారం కింద నోరు మూసుకుని నిలబడ్డాను. తొట్టెలు కడిగే ఆడవాళ్లు చూసి నవ్వుకున్నారు. చప్పటి ముద్ద మెల్లగా పలచబడింది. రెండో మూడో నిమిషాలు గడిచాక నాలుక పక్కల ఏదో తేడా తెలిసింది. ఇంకాసేపటికి అనుమానం లేదు.

"ఏమైంది?" అని విమలమ్మ అడిగింది.

"తియ్యగా అయింది."

"నీ ఎంగిలే ఇంత పని చేస్తే, కడుపు ఎంత చేస్తుందో లెక్క వేసుకో. అది ముక్కలు చేసిన గంజి. లోపలికి పోతానే చక్కెర అయిపోతుంది. మామూలు చక్కెర కంటే వేగంగా రక్తంలోకి ఎక్కినా ఎక్కుతుంది."

ఇరవై ఏళ్లు రుచి చూసి ఉమ్మేసినవాణ్ణి. ఆ పొడి తియ్యబడే దాకా నా నోట్లో ఎప్పుడూ ఉండలేదు. "మరి ఫిల్లర్ పేజీలో ఎందుకు రాయించినారమ్మా?" అని గట్టిగానే అడిగాను.

"మనం తీపి కోసం వేయడం లేదు కాబట్టి," అన్నది. తప్పించుకునే మాట కాదు. నిజమే చెప్పింది. పేజీలు విడదీసింది కంపెనీకి ఆ సరుకుతో ఉన్న పనిని బట్టి. తినేవాడి ఒంట్లో అది చేసే పనితో ఆ రిజిస్టరుకు సంబంధం లేదు. నేను మాత్రం ఆ రిజిస్టరును ఇంటికి తీసుకుపోయి భార్యకు వైద్యం చేశాను.

చక్కెర దిగుతూనే వచ్చింది. పుండు మిగతా భాగం మానింది. నల్లబడిన వేలు మాత్రం మానలేదు. జూన్‌లో తీసేశారు. పాదం దక్కింది.

ఆపరేషను అయి ఇంటికి వచ్చాక రత్నమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మొత్తం విన్నది. "నాకు చెప్తే చాలదు. నన్ను దొంగను చేసింది మా చెల్లెలి ముందర కదా, కావేరిపట్టణం పోయి ఆమెకు చెప్పిరా," అన్నది. ఆ తర్వాతి ఆదివారం బస్సెక్కి పోయి చెప్పాను. వాళ్ల పశువుల కొట్టం ముందు నిలబడి మాల్టోడెక్స్‌ట్రిన్ గురించి అంతా వివరించాను. ఆమె పేడ చేతులతోనే విని, "అక్క తినలేదని చెప్పేదానికి ఇంత పొడుగు మాటా బావా?" అన్నది.

మాల్ట్ కంపెనీకి నాకు వచ్చిన ఇంగ్లీషులో నాలుగు పేజీల ఉత్తరం రాశాను. చక్కెర కలపలేదని రాసి చక్కెర అయ్యేది కలపడం చట్టానికి సరిపోవచ్చు, చక్కెర రోగికి సరిపోదు అని. జవాబు వచ్చింది. మా ఉత్పత్తిపై మీ ఆసక్తికి కృతజ్ఞతలు అని ఒక కాగితం, కానుకగా ఒక డబ్బా. అదే మాల్ట్. మా ఫ్యాక్టరీ మేనేజరు దగ్గరికి పోయి, మన ఫిల్లరును తీపి పేజీలోకి మార్చండి, మన పొట్లం మీద కూడా రాయండి అన్నాను. పేజీలు హెడ్డాఫీసు నుంచి వచ్చినవి, మార్చే అధికారం నాకు లేదు అన్నాడు. నేను 2006లో రిటైరయ్యే దాకా అవి మారలేదు. నా కింద శిక్షణకు వచ్చినవాళ్లకు మాత్రం, ఉద్యోగ నియమాల్లో లేకపోయినా, మొదటి రోజు ఆ పొడి నోట్లో పెట్టించి మూడు నిమిషాలు నిలబెట్టేవాణ్ణి.

మా ఇంట్లో చక్కెర మళ్లీ రాలేదు. మొదటి వారం పాప ఏడ్చింది, మూడో వారానికి మరిచిపోయింది. పొట్లాల్లో వచ్చే తిండి ఏదైనా, పేరు ఎంత పొడుగున్నా, అది దేనికి వేశారని కాక లోపలికి పోయి ఏమవుతుందని అడిగాకే గుమ్మం దాటనిచ్చాము. అది కష్టమైన పని కాదు.

కష్టమైనది ఇంకొకటి. ఒక తొట్టె చెడిపోతే మా వృత్తిలో విచారణకు ఒక వరస ఉంది. ముందు వేసిన సరుకు, తర్వాత కొలిచిన యంత్రం, వాటిలో తప్పు లేదని తేలాకే పనిచేసిన మనిషి. ఈ వరస తప్పిన సూపర్‌వైజర్లకు నేనే మెమోలు ఇప్పించాను. ఇంట్లో తొట్టె చెడిపోయినప్పుడు నేను మొదట పట్టుకున్నది మనిషిని. సరుకు నేను తెచ్చింది, యంత్రం నా నాలుక, కాబట్టి ఆ రెండింటినీ విచారించాలని నాకు తోచలేదు. తోచి ఉంటే మొదటి వారంలోనే ఆ డబ్బా ఆగేది. వేలు దక్కేదని నేను ఖాయంగా చెప్పలేను. దక్కేందుకు మూడు వారాల గడువు మాత్రం ఉండేది.