కాంతయ్య కట్టిన అద్దం

మా తోడల్లుడు కాంతయ్య ఏళ్ల తరబడి మా క్లబ్బు ఆడిన ప్రతి మ్యాచ్‌కీ వచ్చాడు. ఒక్క గోలు కూడా చూడలేదు. ఈ మాట చెబితే జనం నవ్వుతారు. మొదట్లో నేనూ నవ్వాను.

మాది మలేషియాలోని క్లాంగ్‌లో చిన్న ఫుట్‌బాల్ క్లబ్బు. మా ఆటలు టీవీలో రావు, స్టేడియంలో సగం కుర్చీలకు వీపులుండవు. అయినా మాకూ ఒక అల్ట్రాస్ గుంపుంది. ఇటలీలో చిన్న ఊళ్ల క్లబ్బులకు ఇలాంటి వీరాభిమానుల గుంపులుంటాయనీ, ఆట ముగిసేదాకా వాళ్లు కూర్చోరనీ, ఓడిపోతున్నా పాట ఆపరనీ మా కుర్రాళ్లు ఫోన్లలో చూసి నేర్చుకున్నారు. నల్ల చొక్కాలొచ్చాయి, జెండాలొచ్చాయి, డ్రమ్ము వచ్చి నా మెడలో పడింది. వాటి వెంటే కాపో కూడా వచ్చాడు. కాపో అంటే పాట ఎత్తేవాడు. కంచె దగ్గర మెట్టెక్కి, మైదానానికి వీపు పెట్టి, జనం వైపు తిరిగి మెగాఫోన్‌లో పాడాలి. ఆట చూడకూడదు. వెనక్కి తిరిగితే గుంపును వదిలేసినట్టే లెక్క. ఈ తలతిక్క నియమం పెట్టినవాడు దొరికితే నాలుగు మాటలు అడగాలని నాకు ఎప్పటినుంచో ఉంది.

కాపో ఎవరని వెతుక్కునే పని లేకపోయింది. కాంతయ్యది బటాంగ్ బెర్జుంటై రబ్బరు తోటల్లో పెరిగిన గొంతు. రామభజనలో అతను పాట ఎత్తితే వెనక నిద్రపోతున్న ముసలాళ్లు కూడా లేచి అందుకునేవాళ్లు. భజనలో చేసే పనే ఇక్కడా చేశాడు, దేవుడు మారాడంతే. అప్పట్లో అతనికి ఆ మెట్టంటే ప్రాణం.

కొడుకు శర్విన్ మా క్లబ్బు జట్టుకు ఎంపికయ్యాక చిక్కొచ్చిపడింది. కుర్రాడు కుడిపక్కన ఆడతాడు. వాడి కాలికి బంతి తగిలితే మేమంతా లేచి నిలబడతాం. కన్నతండ్రి మాత్రం మా మొహాలు చూసి, వాడేదో చేశాడు కాబోలు అనుకోవాలి.

"ఏటయినాది రాజన్? ఆడేనా?" అని పాటకీ పాటకీ మధ్య నన్ను అడిగేవాడు.

"ఆడే అన్నా. ఇద్దర్ని దాటేసినాడు," అని డ్రమ్ము కొడుతూనే చెప్పేవాణ్ణి.

మా వదిన శాంతాదేవి ఫోన్లో తీస్తానంది. తీసింది కూడా. ఇంటికొచ్చి చూస్తే సగంసేపు గడ్డి, మిగతా సగం ఆవిడ బొటనవేలు.

ఒకసారి కాంతయ్య తెగించి మెగాఫోన్ మా గుంపులోని వసంతన్ చేతికిచ్చాడు. వసంతన్ మంచి కుర్రాడే గానీ వాడి గొంతు మూడో వరసకే అందదు. పాట చచ్చిపోయింది. కాంతయ్య మెట్టు దిగి తిరిగేలోపే జనం మొత్తం అతని పేరు పెట్టి అరవడం మొదలుపెట్టారు. పాపం, మైదానం వైపు కన్ను పడకుండానే మళ్లీ ఎక్కాడు. ఆ సాయంత్రం ఇంట్లో శర్విన్ అసలు తాళం వేసేశాడు.

"ఈరోజు కొంచెంసేపు నీ వాయిస్ రాలేదు కదా నాన్నా. నా కాళ్లు ఆగిపోయినాయి లా. నువ్వు ఆపకు."

కొడుకు అంత మాటన్నాక ఏ తండ్రి ఆపుతాడు? కాంతయ్య మొహం వెలిగిపోయింది, మరుక్షణమే వాడిపోయింది. ఇక ఆ మెట్టు మీంచి దిగే దారి లేదని అతనికి అర్థమైంది. నాకు జాలేసింది.

కాంతయ్య బతుకుతెరువు పోర్ట్ క్లాంగ్‌లో కంటైనర్ లారీ. అంత పొడుగు బండిని గోదాము గుమ్మంలోకి వెనక్కి పెట్టాలంటే చూపంతా పక్క అద్దంలోనే ఉండాలి. వెనక జరిగేది అద్దంలో చూడటం అతనికి అన్నం తిన్నంత అలవాటు. మరి ఆ ఆలోచన అంత ఆలస్యంగా ఎందుకొచ్చిందో తెలీదు. ఆ ఏడు ఆఖరి మ్యాచ్‌కి, గెలిస్తే పై లీగుకు వెళ్లే మ్యాచ్‌కి, పాత లారీ అద్దమొకటి సంచిలో పెట్టుకొచ్చాడు. నా డ్రమ్ము పక్కనున్న ఇనుప స్తంభానికి తీగతో కట్టి, చుట్టూ జెండా చుట్టాడు. మైదానం వైపు మాత్రం తెరిచి ఉంచాడు.

"అన్నా, ఎవరైనా సూస్తే?"

"సూడరు. నాను తిరగడం లేదు గదా. నా కళ్లు మీ ఏపే ఉంటాయి."

ఆ సాయంత్రం ఆకాశమంతా మబ్బు. ఆట మొదలైంది. పాడుతూ పాడుతూ కాంతయ్య కళ్లు ఒక్కచోట ఆగిపోవడం నేను చూశాను. కొడుకు కనపడ్డాడు. గీత పక్కన పరుగెత్తుతూ, ఆగినప్పుడల్లా మేజోడు పైకి లాక్కుంటూ. "ఈడేటి, అచ్చం మా అయ్యలాగ పరిగెడతన్నాడు!" అన్నాడు. కళ్లంట నీళ్లు కారుతున్నాయి. గొంతు మాత్రం తగ్గలేదు సరికదా, ఆ రోజు పాడినట్టు అతను ఎప్పుడూ పాడలేదు. ఇన్నాళ్లకు ఈ మనిషికి ఊపిరాడిందనుకున్నాను.

ఆట చివరికొచ్చింది. రెండు జట్లకీ గోలు లేదు. శర్విన్‌కి బంతి దొరికింది. ఒకణ్ణి దాటాడు, ఇంకొకణ్ణి దాటాడు, ఎదురుగా గోలీ ఒక్కడే. సరిగ్గా అప్పుడే మా ఎదురుగా పడమటి మబ్బు విడిపోయి ఎండ వచ్చింది. స్తంభం మీది అద్దం భగ్గుమంది. ఆ వెలుగు గడ్డి మీద పడి, శర్విన్ మొహం మీద పడింది. వాడు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కాలు తగిలింది గానీ బంతి ఎటో పోయింది. అదంతా కాంతయ్య అద్దంలో చూశాడు. నేను జెండా లాగి అద్దాన్ని కప్పేశాను. అప్పటికే చేటు జరిగిపోయింది.

రెండు నిమిషాల్లో అవతలివాళ్లు గోలు వేశారు.

"వాళ్లే! వాళ్లే అద్దం కొట్టారు!" అని వెనక ఎవడో అరిచాడు. అందరూ అందుకున్నారు. అవతలి అభిమానులను తిట్టే పాట ఎత్తమని కాపో మీద పడ్డారు. కాంతయ్య మెగాఫోన్ పట్టుకుని కొయ్యలా నిలబడిపోయాడు. నిజం చెబితే కొడుకు వింటాడు. ఊరుకుంటే జనం ఊరుకోరు. చివరికి ఆ పాట ఎత్తాడు. తన తప్పుకి ఏ పాపం తెలీనివాళ్లను, గొంతు చించుకుని, తనే తిట్టించాడు. నేను డ్రమ్ము కొట్టాను. ఇంకేం చెయ్యను?

ఆ రాత్రి వాళ్లింట్లో భోజనానికి కూర్చున్నాం. శర్విన్ ముద్ద మింగలేకపోతున్నాడు.

"కళ్ల ముందర మొత్తం తెలుపు నాన్నా. బాల్ కనపళ్లేదు. నువ్వు సూసినావా?"

అన్నం కలుపుతున్న కాంతయ్య చెయ్యి ఆగింది.

"నాకెలా కనపడతాదిరా. నాను మీకు ఈపు ఎట్టి ఉంటాను గదా."

శర్విన్ తలూపాడు. "పోన్లే నాన్నా. నువ్వు సూడలేదు, అదొక్కటే మంచిది."

శాంతాదేవి ఇంకాస్త పులుసు పోసింది. కాంతయ్య తల వంచుకుని తిన్నాడు.

కొత్త సీజన్ మొదలయ్యే ముందు కుర్రాళ్లంతా కలిసి కాంతయ్య ఇంటికొచ్చారు. వసంతన్ ఆ సెలవులన్నీ గొంతు సాధన చేశాడట, ఇప్పుడు ఆఖరి వరసదాకా వినబడుతోంది. "అంకుల్, ఎన్నేళ్లు చేశారు, ఇక చాలు. ముందు వరసలో మీకో కుర్చీ. హాయిగా కూర్చుని కొడుకు ఆట చూడండి," అన్నారు. శర్విన్ కూడా, "రా నాన్నా, నేను అలవాటు చేసుకుంటాను, ఫర్వాలేదు," అన్నాడు. ఇన్నేళ్లూ కాంతయ్య కోరుకున్నది అదొక్కటే.

కాంతయ్య కొడుకు వైపు చూడలేదు. మెగాఫోన్ ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఒద్దురా," అన్నాడు. "నాకిలాగే బాగున్నాది."