మాబుకు జ్వరం రాలేదు

ఈ బరువు మోసీ మోసీ విసుగొచ్చింది. పశ్చాత్తాపం అంటే వినడానికి బాగుంటుందేమో. కానీ నాది విసుగే. ఎక్కడ సన్మానం జరిగినా అదే శాలువా, అదే ప్రశ్న: సినిమాల్లోకి ఎలా వచ్చారు? నేనూ అదే జవాబు చెబుతాను. ఆళ్లగడ్డలో నాటకం రోజున పెద్దవేషం కట్టే మాబుకు జ్వరం వచ్చింది, ఆ వేషం నేను కట్టాను, మద్రాసు దర్శకుడి కంట పడ్డాను. జనం చప్పట్లు కొడతారు. ఒక్కరికైనా అనుమానం రాదేం?

మాబుకు జ్వరం రాలేదు. ఇది మొదట మీకే చెబుతున్నాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నాది ఆళ్లగడ్డ. నంద్యాలలో ఒక పత్తి మిల్లులో గుమాస్తాగా ఉండేవాణ్ణి. మాబు అదే వీధిలో దర్జీ. పని ముగిశాక కొందరం కలిసి నాటకాలు ఆడేవాళ్లం. కరువులో ఎద్దులమ్ముకున్న ముసలి రైతు కథ ఒకటి మాకు పేరు తెచ్చింది. రైతు మాబు. నేను ఎద్దులు కొనే బేరగాణ్ణి. చివర్లో ముసలాయన ఖాళీ కొట్టం ముందు నిలబడి, ఎద్దును కట్టిన పలుపు ఒక్కటే మిగిలితే, దాన్ని వేళ్లకు చుట్టుకుంటూ ఉండిపోతాడు. మాట ఉండదు. బనగానపల్లెలో ఆడవాళ్లు వెక్కివెక్కి ఏడ్చారు. ఆళ్లగడ్డలోనైతే మా ఊరి పెద్ద ఓబన్న వేదిక ఎక్కి, తన తలపాగా తీసి మాబు తలకు చుట్టాడు. నేను పక్కనే ఉన్నాను. మా ఊళ్లో, మావాళ్ల ముందు, నన్నెవరూ చూడలేదు.

మరుసటి ఏడు తిరునాళ్లకు మళ్లీ పిలిచారు. ఆటకు ముందురోజు మద్రాసు నుంచి ఒక మనిషి మిల్లుకు వచ్చాడు. వాళ్ల దర్శకుడు ఆళ్లగడ్డకు వస్తున్నాడట. ముసలి రైతును చూడడానికే వస్తున్నాడట. ఆ వేషం కట్టే ఆయనకు చెప్పండి అని నన్ను కోరి వెళ్లిపోయాడు. మాబు అంగడి ఎంత దూరం? వీధి చివరే. అక్కడికి చేరేలోగా నాలో ఏం జరిగిందో ఇన్నేళ్లుగా తవ్వుకుంటున్నాను. అసూయ అంటే సరిపోతుందా? ఆ మాట నాకే చిన్నదిగా కనిపిస్తుంది.

మాబు కుట్టుమిషను ఆపి తలెత్తాడు. "రేపు ఏ బస్సుకు పోదామన్నా?"

"నువ్వు రావద్దులే మాబూ."

"ఏందీ?"

"మా ఊరోళ్లు ఒద్దంటాండారు. గుడి ముందర ఆటలో సాయిబు పెద్దవేషం కట్టేదేందని అంటాండారప్పా."

తమాషా అనుకుని నవ్వాడు. నా మొహం చూసి నవ్వు ఆపాడు.

"పోయినేడు తలపాగా చుట్టిందీ ఆళ్లే గదన్నా. ఎవురన్నారు? ఓబన్నన్నాడా?"

"పేర్లెందుకులే."

మిషను మీది గుడ్డ తీసి మడత పెట్టాడు. "ఇంకెవురన్నా చెప్పింటే ఆడికే పోయి అడిగేసొచ్చేవాణ్ణి. నువ్వు చెప్తాండావ్ గాబట్టి నమ్ముతాండా. మన నాటకమోళ్లకు మాత్రం చెప్పొద్దన్నా, కొట్లాటకు పోతారు. జరమొచ్చిందని చెప్పు."

అవును, జ్వరం మాట అతనిదే. నా అబద్ధాన్ని దాచే గుడ్డ కూడా ఆ దర్జీయే కుట్టిచ్చాడు.

ఆ వేషం నేను కట్టాను. మాబు ఎలా నిలబడతాడో అలాగే నిలబడ్డాను. దర్శకుడు నన్ను మద్రాసు తీసుకుపోయాడు. కొన్నేళ్లకు అదే కథ సినిమా అయింది. ఉత్తమ నటుడన్నారు, పతకం ఇచ్చారు. పలుపు చుట్టుకునే తీరులో అసలైన రైతు చెయ్యి కనబడిందని పత్రికలు రాశాయి. రైతు చెయ్యట! అది దారం చుట్టే దర్జీ చెయ్యి. రైతు బిడ్డనైన నాకు అది ఎంతకీ రాక, అద్దం ముందు నిలబడి నేర్చుకున్నాను.

మాబు మళ్లీ మొహానికి రంగు పూసుకోలేదు.

పతకం వచ్చాక నంద్యాలలో సన్మానం పెట్టారు. మాబు నా కోసం కోటు కుట్టి తెచ్చాడు. భుజాలు సరిచేస్తూ తన చెల్లెలి సంగతి చెప్పాడు. ఆళ్లగడ్డ నుంచి మంచి సంబంధం వచ్చిందట, తనే వద్దన్నాడట. "ఆ ఊళ్లో మమ్మల్ని మనుసుల్లెక్కన చూడరు గదన్నా. అందుకే ప్యాపిలికిచ్చినా." నేను ఊఁ అన్నాను. ఇంకేం అంటాను? సభలో ఎవరో జ్వరం సంగతి ఎత్తితే, "ఔ, ఆ పొద్దు ఒళ్లు కాలిపోయిందప్పా" అన్నాడు. మా ఊరి పరువు కాపాడుతున్నాడు! నాకు ఒళ్లు మండింది. నా మీద కాదు, అతని మీద. నిలదీయవేం? ఎవరన్నారని ఇంకొక్కసారి అడగవేం? ఇంత మంచితనంతో నన్నెందుకు చంపుతావు?

సభ ముగిశాక, ఊరి నుంచి వచ్చిన ఓబన్న నన్ను పక్కకు పిలిచాడు. "ఆ మాబు మన ఊరి దిక్కే చూడడేందప్పా? మా ఇంట్లో పెండ్లికి పిలిస్తే రాల్యా. మేమేం తప్పు చేసినాం?"

మాబు అక్కడే, పిలిస్తే పలికేంత దూరంలో ఉన్నాడు. వీళ్లిద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి నోరు తెరిస్తే అయిపోయేది. "ఏమో" అన్నాను. చేతిలో పతకం ఉంది మరి.

నాకు కావలసింది ఒక్క వేషం. దానికోసం అతనికి ఒక ఊరినే లేకుండా చేశాను. ఊరికి తెలియకుండా ఊరి నోట్లో ఒక నీచమైన మాట పెట్టాను. వేషం ఒక్కటే దొంగిలించి ఉంటే ఇంతగా సతమతమయ్యేవాణ్ణి కాదేమో. లేక అది కూడా నాకు నేను చెప్పుకునే సాకేనా? ఏమో. నా మీద నాకు నమ్మకం ఎప్పుడో పోయింది.

ఇప్పుడు మాబు లేడు. ఓబన్న లేడు. మీరు క్షమిస్తారేమో, కానీ క్షమించే హక్కు మీది కాదు. అడగను. చదివిన తర్వాత ఆ పాత సినిమా చూసి చప్పట్లు కొట్టకండి, అంతే. గుండె కాస్త తేలికైందని చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ తేలికైంది.

ఆ మాట ఆళ్లగడ్డలో ఎవరూ అనలేదు. నేనన్నాను.